గార్డెన్ రీచ్: నది ఒక్కటే, సుంకాలు రెండు

కలకత్తా నగరాన్ని దాటి దక్షిణ దిశగా కొంత సాగిన తరువాత హుగ్లీ నది విశాలమైన మలుపు తిరుగుతుంది. తూర్పు గట్టున ఉన్న ఆ ప్రాంతమే గార్డెన్ రీచ్. పద్దెనిమిదవ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ దొరలు ఇక్కడ తోటలు వేయించి మేడలు కట్టుకున్నారు. సంస్కృతాభిమాని సర్ విలియం జోన్స్ నివసించినది ఇక్కడే. 1856లో రాజ్యభ్రష్టుడైన అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఈ ప్రాంతంలోని మెటియాబురుజుకు వచ్చి, 1887లో కన్నుమూసే వరకు తన పాటలతో, వంటవాళ్ళతో, దర్జీలతో ఒక చిన్న లక్నోను నెలకొల్పుకున్నాడు. ఒప్పంద కూలీలుగా సురినాం వెళ్ళిన వేలాది మంది స్వదేశపు నేలను ఆఖరుసారి తొక్కినది కూడా ఈ రేవు మెట్లపైనే.

తెలుగువారికి ఈ పేరు వేరొక దారిలో పరిచయం. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఉండేది. దాని వారసురాలైన ఆగ్నేయ రైల్వే కార్యాలయం నేటికీ అక్కడే ఉన్నది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేదాకా వాల్తేరు డివిజన్ ఆ కార్యాలయం కిందిదే. బదిలీ కావలసినా, పదోన్నతి రావలసినా, పింఛను లెక్క తేలవలసినా కాగితం గార్డెన్ రీచ్ వెళ్ళి తిరిగి రావలసిందే. విశాఖపట్నం, విజయనగరం రైల్వే కుటుంబాలలో కలకత్తా చూడని వృద్ధులకు సైతం గార్డెన్ రీచ్ పేరు తెలుసు.

అయితే ఈ ప్రాంతానికి అన్నం పెట్టినవి తోటలూ కావు, నవాబులూ కారు. తూర్పు బెంగాలు నదులు దీనిని పోషించాయి. ఎక్కడో మైమన్‌సింగ్ జిల్లాలో రైతు చెరువు నీటిలో ఊరవేసి ఒలిచిన జనపనార పడవలెక్కి, పడవల నుండి స్టీమర్లకు మారి, సుందరవనాల కాలువల గుండా హుగ్లీ ముఖానికి చేరి, కలకత్తా చుట్టుపట్ల మిల్లులలో గోనెగా మారేది. అస్సాం తేయాకు పెట్టెలు బ్రహ్మపుత్ర మీద దిగివచ్చి ఇక్కడి డాకులలో లండను ఓడలు ఎక్కేవి. 1892 నాటి ఖిదిర్‌పూర్ డాకులు చాలక 1929లో గార్డెన్ రీచ్ వైపున కింగ్ జార్జి డాకును తెరిచారు. తరువాత దానికి నేతాజీ సుభాష్ పేరు పెట్టారు.

స్టీమర్ల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. 1844లో పుట్టిన ఇండియా జనరల్ కంపెనీ, 1862లో వచ్చిన రివర్స్ స్టీమ్ నావిగేషన్ కంపెనీ మొదట పోటీపడి, తరువాత చేతులు కలిపి తూర్పు భారత నదులను పంచుకున్నాయి. రెండు పక్కలా పెద్ద తెడ్ల చక్రాలతో నడిచే స్టీమరు తన ప్రక్కన ‘ఫ్లాట్’ అనే చదునైన సరుకు పడవను కట్టుకుని బయలుదేరేది. ఖుల్నా, బరిసాల్, చాంద్‌పూర్, గోలుందో, సిరాజ్‌గంజ్, ధుబ్రీ, గౌహతి, దిబ్రూగఢ్ దాకా ఆ ప్రయాణం. ఈ స్టీమర్ల మరమ్మతులకోసం 1884లో గార్డెన్ రీచ్‌లో ఒక చిన్న కర్మాగారం వెలిసింది. మరమ్మతులతో మొదలైన ఆ కర్మాగారం క్రమంగా కొత్త నౌకలు కట్టడం నేర్చుకున్నది. 1920లలో, 30లలో ఇక్కడ తయారైన ఆస్ట్రిచ్, మసూద్, లెప్చా అనే స్టీమర్లు ఎనభై ఏళ్ళకు పైగా తూర్పు బెంగాలు నదులపై తిరిగాయి. 1980లలో వాటి ఆవిరి యంత్రాలు తీసి డీజిల్ యంత్రాలు బిగించారు. తెడ్ల చక్రాలు మాత్రం అలాగే ఉంచారు. ఢాకా, ఖుల్నాల మధ్య నడిచిన ‘రాకెట్’ సర్వీసు అంటే అక్కడివారికి ఈ ఓడలే.

1947 ఆగస్టులో గీసిన సరిహద్దు ఈ నీటిదారిని అడ్డంగా కోసింది. రాడ్‌క్లిఫ్ తీర్పు ఆగస్టు 17న వెలువడేసరికి లెక్క ఇలా తేలింది: అవిభక్త దేశంలో జనపనార పండే నేలలో దాదాపు నాలుగింట మూడు వంతులు తూర్పు పాకిస్తాన్‌కు వెళ్ళింది, నూరుకు పైగా ఉన్న మిల్లులలో ఒక్కటీ అటు వెళ్ళలేదు. పంట అక్కడ, మగ్గం ఇక్కడ. శ్రేష్ఠమైన నార యావత్తు ఢాకా, మైమన్‌సింగ్ ప్రాంతాలదే కావడం మరొక ఇబ్బంది. సన్నని హెస్సియన్ గుడ్డకు ఆ నార కలవక తప్పదు. పశ్చిమ బెంగాలు, బీహారు ముతక నార బస్తా గుడ్డకు సరిపోయేది.

సరిహద్దు పడిన మరునాడే వ్యాపారం నిలిచిపోలేదన్నది చాలామంది మరచిన విషయం. రెండు ప్రభుత్వాలూ యథాతథ ఒప్పందం ఒకటి చేసుకున్నాయి. దాని ప్రకారం 1948 ఫిబ్రవరి 29 వరకు సరుకులు ఇటూ అటూ పాత పద్ధతిలోనే సాగాలి. ఉభయదేశాల నోట్లకూ కొంతకాలం భారత రిజర్వు బ్యాంకే బాధ్యత వహించింది. అంటే జెండాలు రెండైనా విపణి ఒక్కటిగానే ఉండగలదా అన్న ప్రశ్నకు ఆరున్నర నెలల వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలోనే పాకిస్తాన్ తన నార ఎగుమతిపై సుంకం విధించింది. కలకత్తా రేవులో వసూలయ్యే సుంకంలో తనకు వాటా రానప్పుడు తన గట్టున తాను వసూలు చేసుకోవడం ఆ ప్రభుత్వానికి న్యాయంగానే తోచింది. ఢిల్లీకి అది ఒప్పందభంగంగా కనిపించింది. 1948 మార్చి 1 నుండి పాకిస్తాన్‌ను సుంకాల విషయంలో విదేశంగా పరిగణిస్తామని భారత ప్రభుత్వం ప్రకటించింది. ఉమ్మడి విపణి ముగిసినది నిజానికి ఆ రోజున.

(ఈ సందర్భంలో ఒక పోలిక గుర్తుకు రాక మానదు. 2016లో ఐరోపా సమాఖ్యను వీడాలని ఓటు వేసిన బ్రిటన్ 2020 జనవరి 31న బయటకు వచ్చిన తరువాత కూడా, సర్దుకోవడానికి ఆ ఏడాది చివరి దాకా, అంటే పదకొండు నెలలు, పాత సుంకాల ఏర్పాటునే నిలుపుకున్నది. అంతకుముందు మూడున్నరేళ్ళు చర్చలు జరిగాయి. అదే బ్రిటన్ నుండి వచ్చిన న్యాయవాది అయిదు వారాలలో గీసిన గీత మీద బెంగాలు తన నారనూ మిల్లులనూ ఆరున్నర నెలలలో సర్దుకోవలసి వచ్చింది.)

అసలు దెబ్బ 1949 సెప్టెంబరులో తగిలింది. బ్రిటన్ పౌను విలువను తగ్గించగానే భారతదేశం కూడా తన రూపాయిని ముప్పై శాతానికి పైగా తగ్గించింది. పాకిస్తాన్ తగ్గించలేదు. నిన్నటి వరకు సమానమైన రెండు రూపాయలలో నేడు పాకిస్తాన్ నూరు రూపాయలకు భారతీయ రూపాయలు నూట నలభై నాలుగు చెల్లించాలి. మిల్లుదారులు చెల్లించలేమన్నారు, ఆ మారకపు రేటును భారత ప్రభుత్వం గుర్తించలేదు. భారతీయులు కొన్న నారతో నదిమార్గాన వస్తున్న పడవలను తూర్పు బెంగాలులో ఆపివేశారు. 1949 డిసెంబరులో భారతదేశం బొగ్గు పంపడం మానివేసింది. నార లేని మిల్లులు ఒక గట్టున, బొగ్గు లేని రైళ్ళు మరొక గట్టున నిలిచాయి.

ఆ శీతకాలంలో హుగ్లీ ఒడ్డున మిల్లులు పనిగంటలు తగ్గించుకున్నాయి. మగ్గాలలో కొంతభాగానికి సీళ్ళు వేశారు. బీహారు, ఒరిస్సా, గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి వచ్చి మిల్లు బస్తీలలో కాపురముంటున్న కార్మికులకు వారం కూలిలో కోత పడింది. పద్మానది అవతల రైతు పరిస్థితి ఇంతకన్న మెరుగు కాదు. కొనేవాడు లేక నార గుట్టలుగా పడి ఉన్నది. పాకిస్తాన్ ప్రభుత్వం జూట్ బోర్డును నెలకొల్పి కనీస ధరకు కొనుగోలు ప్రారంభించింది. చీకటి పడ్డాక సరిహద్దు కాలువలపై నాటుపడవలు మాత్రం నిండుగా నడిచాయి. ప్రభుత్వాలు కుదుర్చుకోలేని బేరాన్ని దొంగరవాణాదారులు కుదుర్చుకున్నారు.

1950 ఏప్రిల్‌లో సరుకుకు సరుకు పద్ధతిన తాత్కాలికమైన ఒప్పందం కుదిరింది. 1951 ఫిబ్రవరిలో భారతదేశం పాకిస్తాన్ రూపాయి రేటును అంగీకరించింది. నాలుగేళ్ళు గడిచాక, 1955లో, పాకిస్తాన్ కూడా తన రూపాయి విలువను తగ్గించుకున్నది. తగాదా ఏ రేటు మీద మొదలైందో ఆ రేటే లేకుండా పోయింది. ఈలోగా ఉభయులూ ఒకరి మీద ఒకరు ఆధారపడకూడదని నిశ్చయించుకున్నారు. నష్టం స్థిరపడినది ఈ నిశ్చయంతోనే.

భారతదేశం నార పండించడానికి పూనుకున్నది. పశ్చిమ బెంగాలులో, అస్సాంలో, బీహారులో, ఒరిస్సాలో వరి వేసే పొలాలు నారకు మళ్ళాయి. దేశం విదేశాల నుండి తిండిగింజలు తెచ్చుకుంటున్న రోజులవి. అయినా 1947 నాటి పంట 1951 నాటికి రెండింతలయింది. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మెట్ట పొలాలలోని గోగునారకు కూడా గిరాకీ పెరిగింది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు దానినే నమ్ముకుని నడిచాయి. ఆంధ్ర రైతు ధాన్యం నింపిన గోనెసంచిలో సొంత జిల్లా గోగునార పోగులు చేరడం వెనుక ఈ చరిత్ర కొంత ఉన్నది.

పాకిస్తాన్ మిల్లులు కట్టింది. ఢాకా సమీపంలోని నారాయణ్‌గంజ్‌లో 1951లో పని ప్రారంభించిన ఆదంజీ జూట్ మిల్లు ప్రపంచంలో అతి పెద్దదిగా పేరుపొందింది. కలకత్తా రేవు మీద ఆధారపడకుండా చిట్టగాంగ్ రేవును పెంచారు. నార ఉన్నచోట మిల్లు, మిల్లు ఉన్నచోట నార: రెండు పక్కలా కోరిక నెరవేరింది. ఒక విపణికి ఒకసారి పెట్టవలసిన పెట్టుబడిని రెండు పేద దేశాలు రెండుసార్లు పెట్టి, లండను, న్యూయార్కు బేరగాళ్ళ ముందు పరస్పరం ధర తగ్గించుకోసాగాయి. ఆ తగాదాల కాలంలో సరఫరా మీద నమ్మకం సడలిన విదేశీ కొనుగోలుదారులలో కొందరు కాగితపు సంచులకు మళ్ళారు. తరువాత ప్లాస్టిక్ వచ్చింది. 2002 జూన్ 30న ఆదంజీ మిల్లు మూతపడింది. హుగ్లీ ఒడ్డు మిల్లుల గేట్లకు తాళాలు పడటం, తెరవడం, మళ్ళీ పడటం ఏళ్ళ తరబడి వార్తాపత్రికలకు నిత్యవిషయమైంది.

నదిమార్గం కథ ఇంకా విచారకరమైనది. ఉమ్మడి విపణి పోయిన తరువాత కూడా స్టీమర్లు ఆగలేదు. అస్సాంకు తూర్పు పాకిస్తాన్ మీదుగా పోయే రైలుదారి తెగినందున, ఉత్తర బెంగాలు మీదుగా సుమారు 229 కిలోమీటర్ల కొత్త లింకు మార్గాన్ని వేసి 1950 జనవరి 26న ప్రయాణికులకు తెరిచారు. అయినా బరువు సరుకుకు నదిని మించిన దారి లేదు. స్టీమర్లను నడిపే సరంగులు, ఖలాసీలు అధికంగా నవాఖాలీ, చిట్టగాంగ్, సిల్హెట్ జిల్లాల ముస్లిములు. వారి తాతల కాలం నుండి ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ బసలే వారికి రెండవ ఇల్లు. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు పద్ధతి రావడంతో వారు తమ ఓడ పనికి పరదేశులుగా రావలసి వచ్చింది. ఏ మలుపులో ఎన్ని అడుగుల నీరున్నదో, ఈ ఏడు ఇసుకమేట ఎటు జరిగిందో కంటిచూపుతో చెప్పగల మనిషి ముద్రపడిన కాగితం కోసం వరుసలో నిలబడ్డాడు. సరంగు ఎరుక వారసత్వంగా వచ్చేది. కొడుకు ఆ దారిన రాకపోతే అది ఆ తరంతోనే ఆఖరు.

1965 సెప్టెంబరు యుద్ధంతో నదిమార్గం పూర్తిగా మూసుకుపోయింది. సరిహద్దుకు అవతల ఉన్న స్టీమర్లు, ఫ్లాట్లు పాకిస్తాన్ స్వాధీనంలో చిక్కుకున్నాయి. నూరేళ్ళ రివర్స్ స్టీమ్ కంపెనీ కోలుకోలేకపోయింది. 1967లో భారత ప్రభుత్వం కేంద్ర అంతర్దేశీయ జలరవాణా సంస్థను నెలకొల్పి, దాని ఆస్తులను, సిబ్బందిని అందులో చేర్చింది. నదులు లేని నదీరవాణా సంస్థ లాభాలు గడించగలదని ఎవరూ ఆశించి ఉండరు. కొన్ని దశాబ్దాలు నష్టాలతో నెట్టుకొచ్చి అదీ మూతపడింది.

గార్డెన్ రీచ్ కర్మాగారం మాత్రం బ్రతికింది. 1960లో ప్రభుత్వం దానిని కొని రక్షణశాఖ క్రిందికి తెచ్చింది. మరుసటి ఏడు అక్కడ కట్టిన ‘అజయ్’ స్వతంత్ర భారతంలో తయారైన తొలి యుద్ధనౌక. 2019లో నూరవ యుద్ధనౌకను అందించి, ఆ సంఖ్యను చేరిన మొదటి భారతీయ నౌకానిర్మాణ సంస్థగా నిలిచింది. ఖుల్నాకు, బరిసాల్‌కు పెళ్ళివారిని, మామిడిపళ్ళను, నార మోపులను చేరవేసే ఓడలు కట్టిన చోట ఇప్పుడు సరిహద్దు జలాలను కాచే ఓడలు కడుతున్నారు. ఇది ఘనకార్యమే, సందేహం లేదు. కాని పెళ్ళివారి ఓడలకు గిరాకీ ఎందుకు లేకపోయిందో కూడా స్మరించడం అవసరం.

బంగ్లాదేశ్ అవతరించాక ముడి విప్పే ప్రయత్నాలు జరిగాయి. 1972 నవంబరులో నదీరవాణా ఒడంబడిక కుదిరింది. 2006లో దక్షిణాసియా స్వేచ్ఛావాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చింది. 2011లో భారతదేశం ఆ ఒప్పందంలోని బాగా వెనుకబడిన దేశాలకు, మద్యం, పొగాకు వంటి ఇరవై అయిదు వస్తువులు తప్ప, తక్కిన అన్నింటికీ సుంకం తీసివేసింది. అరవై మూడేళ్ళ క్రితం పోగొట్టుకున్న దానిలో కొంత తిరిగి వచ్చిందని హుగ్లీ ఒడ్డు వర్తకులు సంతోషించినట్లయితే, ఆ సంతోషం చాలాకాలం నిలవలేదు. చౌకగా వచ్చిపడుతున్న బంగ్లాదేశ్ నూలు, సంచులు తమను ముంచుతున్నాయని మన మిల్లులు మొరపెట్టుకోగా, 2017 జనవరిలో వాటిపై ప్రత్యేక సుంకం విధించారు. మిల్లుల ఆవేదనలో అసత్యం లేదు. ఒకనాడు నార మాత్రమే వచ్చిన దిక్కు నుండి నేసిన గుడ్డ వస్తున్నది. ఆ గుడ్డ నేయడం అవతలివారికి నేర్పినది 1949 నాటి ప్రతిష్టంభనే.

2024 డిసెంబరు 15న గార్డెన్ రీచ్ జెట్టీ నుండి ‘త్రిశూల్’ అనే నౌక రెండు బార్జీలను వెంటపెట్టుకుని బయలుదేరింది. పదిహేను వందల టన్నుల సిమెంటును బంగ్లాదేశ్ నదుల గుండా గౌహతి దగ్గరి పాండు రేవుకు చేర్చడం దాని పని. నిర్ణీత దినాలలో నడిచే సరుకు సర్వీసు అని ప్రభుత్వం ప్రకటించింది. ఫ్లాట్లను లాగిన స్టీమర్లు వెళ్ళిన దారి దాదాపుగా ఇదే. అదే ఏడాది గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ సంస్థకు బంగ్లాదేశ్ నుండి సుమారు రెండు కోట్ల పది లక్షల డాలర్ల విలువైన సముద్రపు టగ్గు నౌక ఆర్డరు కూడా వచ్చింది.

2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారిన తరువాత రెండు దేశాల నడుమ మాట కరకుబారింది. 2025 మేలో ఆ టగ్గు ఆర్డరు రద్దయింది. అదే నెలలో బంగ్లాదేశ్ తయారీ దుస్తులు భూమార్గాన రాకూడదని, కలకత్తా, నవాషేవా ఓడరేవులలోనే దిగాలని భారత ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పెట్రాపోల్ సరిహద్దు కలకత్తాకు ఎనభై కిలోమీటర్లు. లారీ ఒక్క పూటలో వస్తుంది. ఇప్పుడా పెట్టెలు చిట్టగాంగ్ వెళ్ళి, ఓడ ఎక్కి, బంగాళాఖాతం చుట్టి హుగ్లీలోకి రావాలి. నవాబు దర్జీల కాలం నుండి సూదిదారాలతో బ్రతుకుతున్న మెటియాబురుజులో దీనిని స్వాగతించినవారు ఉండవచ్చు. పోటీ తగ్గుతుంది గదా.

నార విషయంలో ఆ వెసులుబాటు కూడా మిగలలేదు. 2025 జూన్, ఆగస్టు నెలల ఉత్తర్వుల ప్రకారం బంగ్లాదేశ్ జనపనార నూలు, గుడ్డ, సంచులు నవాషేవాలో మాత్రమే దిగవచ్చు. అది ముంబయి రేవు. ఖుల్నాలో నేసిన గోనెసంచి గార్డెన్ రీచ్ చేరాలంటే బంగాళాఖాతం దాటి, సింహళాన్ని చుట్టి, అరేబియా సముద్రంలో పైకి వెళ్ళి, ముంబయిలో దిగి, అక్కడి నుండి రైలులో దేశమంతా అడ్డంగా దాటి హౌరాకు రావాలి.